మెడికేడ్ కోత ఎవరి డబ్బు, ఏ దారిలో, ఎప్పుడు తగ్గిస్తుంది: హెల్త్‌కేర్ షేర్లు చూసేవాళ్ల కోసం ఒక వివరణ

2025 జూలై 2న సెంటీన్ అనే అమెరికన్ ఇన్సూరెన్స్ కంపెనీ షేరు ఒక్క రోజులో 40 శాతం పడిపోయింది. సరిగ్గా అదే వారం, జూలై 4న, ట్రంప్ "వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్" మీద సంతకం పెట్టారు, అందులో మెడికేడ్‌కి, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాకి, భారీ కోత ఉంది, సెంటీన్ ఏమో దేశంలో అతిపెద్ద మెడికేడ్ మేనేజ్డ్ కేర్ కంపెనీ, అంటే ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకుని మెడికేడ్ వాళ్ల వైద్యం ఖర్చు చూసుకునే కంపెనీ. ఇంకేముంది, చాలామంది రెండిటికీ ముడి పెట్టేశారు.

కానీ ఆ రోజు షేరు పడటానికి అసలు కారణం వేరే. జనం సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే ప్లాన్లకి రిస్క్ అడ్జస్ట్‌మెంట్ అని ఒక సర్దుబాటు ఉంటుంది, అంటే ఎక్కువ జబ్బులున్న కస్టమర్లు ఏ కంపెనీకి వస్తే ఆ కంపెనీకి మిగతా కంపెనీల నుంచి డబ్బు వస్తుంది, ఆ లెక్కలో సెంటీన్‌కి అనుకున్నదానికంటే సుమారు 1.8 బిలియన్ డాలర్లు తక్కువ రాబోతున్నాయని తేలింది. మెడికేడ్‌లో కూడా ఖర్చులు పెరుగుతున్నాయని కంపెనీ చెప్పింది గానీ ఆ పెరుగుదలకి కొత్త చట్టంతో సంబంధం లేదు, అప్పటికి బిల్లు పూర్తిగా పాసే అవ్వలేదు.

ఫెడరల్ మెడికేడ్ ఫండింగ్ గురించి ఎంత చదివినా గందరగోళంగానే ఉండటానికి కారణం ఇదే. ట్రిలియన్ డాలర్ల కోత అని హెడ్‌లైన్ చూస్తాం, కానీ ఆ డాలరు వాషింగ్టన్‌లో బయల్దేరి ఆస్పత్రి ఖాతాలో పడేలోపు నాలుగైదు చేతులు మారుతుంది. ఏ చేతి దగ్గర ఎంత ఆగిపోతుంది, ఏ ఏడాదిలో ఆగుతుంది అన్నది తెలీకపోతే ఏ కంపెనీ మీద ఎంత దెబ్బ పడుతుందో చెప్పలేం. కాబట్టి ఆ దారి మొదట్నుంచీ చూద్దాం.

మెడికేడ్ ఎవరికోసం, ఎంత పెద్దది

మెడికేర్, మెడికేడ్ రెండూ 1965లో ఒకే చట్టంతో వచ్చాయి. మెడికేర్ ప్రధానంగా 65 దాటినవాళ్లకి, నడిపేది పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం. మెడికేడ్ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి, వికలాంగులకి, పిల్లలకి, గర్భిణులకి. దీన్ని నడిపేది రాష్ట్రాలు, డబ్బు మాత్రం రాష్ట్రం కొంత, ఫెడరల్ కొంత. చేరడం రాష్ట్రాల ఇష్టం, అందరికంటే ఆఖర్న 1982లో అరిజోనా చేరింది. మన ఆరోగ్యశ్రీ తెలిసినవాళ్లకి ఒక విషయం వెంటనే అర్థమవుతుంది: రోగి ప్రభుత్వ స్కీములో ఉంటాడు, వైద్యం చేసేది చాలావరకు ప్రైవేట్ ఆస్పత్రి, రేటు నిర్ణయించేది ప్రభుత్వం. బకాయిలు పేరుకుపోతే నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామని ఎందుకంటాయో మనం చూస్తూనే ఉన్నాం. అమెరికాలో ఆ రేటు వెనకాల రెండు ప్రభుత్వాలు ఉన్నాయి, అదీ తేడా.

ఇప్పుడు సుమారు 7 కోట్ల మంది మెడికేడ్‌లో ఉన్నారు. దేశంలో ప్రతి పది కాన్పుల్లో దాదాపు నాలుగింటికి డబ్బు కట్టేది ఇదే. నర్సింగ్ హోముల్లో ఉన్నవాళ్లలో 60 శాతం పైగా దీని మీదే ఆధారపడ్డారు, ఇది మాత్రం చాలామందికి తెలీదు, ఎందుకంటే వృద్ధులకి మెడికేర్ ఉంది కదా అనుకుంటారు, కానీ మెడికేర్ ఏళ్ల తరబడి నర్సింగ్ హోములో ఉండటానికి డబ్బు ఇవ్వదు. మధ్యతరగతి మనిషి జీవితాంతం దాచుకున్నది మొత్తం నర్సింగ్ హోముకి కట్టి, ఖాతా ఖాళీ అయ్యాక మెడికేడ్‌లోకి వస్తాడు. మెడికేడ్ అంటే పని చేయనివాళ్లకి ఇచ్చేది అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఈ ఒక్క విషయం గమనిస్తే మాట మారుస్తారని నా నమ్మకం.

ఫెడరల్ వాటా ఎలా లెక్కేస్తారు

ఫెడరల్ వాటాని ఎఫ్‌మ్యాప్ అంటారు. లెక్క ఇలా ఉంటుంది: రాష్ట్రంలో తలసరి ఆదాయాన్ని దేశ తలసరి ఆదాయంతో భాగించి, వచ్చినదాన్ని స్క్వేర్ చేసి, 0.45తో గుణిస్తే రాష్ట్రం వాటా వస్తుంది. మిగతాది ఫెడరల్.

రాష్ట్రం ఆదాయం దేశ సగటుతో సమానం అనుకోండి, రాష్ట్రం 45, ఫెడరల్ 55 శాతం. దేశ సగటులో 80 శాతమే ఉన్న పేద రాష్ట్రం అయితే 0.8ని స్క్వేర్ చేస్తే 0.64, దాన్ని 0.45తో గుణిస్తే 0.288, అంటే రాష్ట్రం 28.8 శాతం కడితే చాలు, ఫెడరల్ 71.2 శాతం కడుతుంది. సగటు కంటే 20 శాతం ఎక్కువున్న ధనిక రాష్ట్రానికి ఇదే లెక్కేస్తే ఫెడరల్ వాటా 35.2 శాతమే రావాలి, కానీ చట్టంలో కనీసం 50 శాతం అని ఉంది కాబట్టి 50 ఇస్తారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ అలా 50 దగ్గరే ఉన్నాయి, మిసిసిపీకి సుమారు 77 వస్తుంది. గరిష్ఠం 83.

ఇక్కడ పట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ ఫెడరల్ డబ్బుకి పైన హద్దు లేదు. రాష్ట్రం చట్ట ప్రకారం ఎంత ఖర్చు పెడితే అందులో తన వాటా ఫెడరల్ ఇవ్వాల్సిందే. మనిషికి ఇంత అని పరిమితి పెట్టాలని 2017లో ప్రయత్నించారు, 2025లోనూ ఆ చర్చ నడిచింది, రెండుసార్లూ చట్టం అవ్వలేదు. అంటే ఇన్ని కోతల తర్వాత కూడా పునాది లెక్క మారలేదు.

ఎక్స్‌పాన్షన్: 90 శాతం వాటా ఉన్న జనం

2010 ఒబామాకేర్ చట్టం పేదరిక రేఖకి 138 శాతం లోపు ఆదాయం ఉన్న పెద్దవాళ్లందరినీ మెడికేడ్‌లోకి తెమ్మంది, దీన్నే ఎక్స్‌పాన్షన్ అంటారు, 2025 లెక్కలో ఒంటరి మనిషికి అది ఏడాదికి సుమారు 21,600 డాలర్లు. 2012లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని బలవంతపెట్టకూడదని తీర్పిచ్చింది. ఇప్పటికి 40 రాష్ట్రాలూ, వాషింగ్టన్ డీసీ తీసుకున్నాయి, టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా లాంటి 10 రాష్ట్రాలు తీసుకోలేదు. ఈ కొత్త జనానికి మాత్రం ఫెడరల్ వాటా 90 శాతం.

ఈ 90ని తగ్గిస్తారని 2025 మొదట్లో గట్టిగా వినపడింది, తగ్గిస్తే ఎక్స్‌పాన్షన్ ఆటోమేటిక్‌గా రద్దయ్యే చట్టాలు ఇల్లినాయిస్, వర్జీనియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో ముందే రాసిపెట్టుకున్నారు, ఫెడరల్ వాటా ఒక్క శాతం తగ్గినా లక్షల మందికి కవరేజి పోయేది. చివరికి చట్టం 90ని ముట్టుకోలేదు. దాని బదులు ఆ జనం లోపలికి రావడం, లోపల నిలబడటం కష్టం చేసింది. వాటా తగ్గలేదు, మనుషులు తగ్గుతారు. ఇన్వెస్టర్ లెక్కలో ఈ రెండూ పూర్తిగా వేరు వేరు దెబ్బలు.

మొదటి దారి: ఇన్సూరెన్స్ కంపెనీలకి మనిషికింత

మెడికేడ్‌లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది మేనేజ్డ్ కేర్‌లో ఉన్నారు. అంటే రాష్ట్రం ఒక ప్రైవేట్ కంపెనీకి మనిషికి నెలకి ఇంత అని ఇచ్చేస్తుంది, వైద్యం ఖర్చు ఆ కంపెనీ చూసుకోవాలి. సెంటీన్, మొలీనా, ఎలెవెన్స్, యునైటెడ్‌హెల్త్ ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు. వచ్చిన ప్రీమియంలో వైద్యానికి ఎంత శాతం పోయిందో దాన్ని మెడికల్ లాస్ రేషియో అంటారు.

ఇక్కడ ఒక లెక్క నిదానంగా చూడాలి, ఎందుకంటే 2024, 2025లో జరిగిందంతా ఇందులోనే ఉంది. ఇవి నేను ఉదాహరణకి తీసుకున్న అంకెలు. ఒక ప్లాన్‌లో 100 మంది ఉన్నారు, మనిషికి నెలకి 400 డాలర్లు వస్తే మొత్తం 40,000. వైద్యం ఖర్చు 36,000, అంటే రేషియో 90 శాతం. ఆఫీసు ఖర్చులు మనిషికి 32 చొప్పున 3,200. మిగిలేది 800, అంటే 2 శాతం లాభం. మెడికేడ్‌లో ఇలా పలచటి మార్జిన్లే ఉంటాయి.

ఇప్పుడు ఆ 100 మందిలో పెద్దగా జబ్బు లేని 10 మంది, నెలకి మనిషికి 60 డాలర్ల వైద్యం మాత్రమే వాడేవాళ్లు, బయటికి వెళ్లిపోయారు. వైద్యం ఖర్చు 600 తగ్గి 35,400 అయ్యింది. కానీ ప్రీమియం 4,000 తగ్గి 36,000 అయ్యింది. రేషియో 98 శాతం దాటింది. ఆఫీసు ఖర్చు 2,880 కూడా కలిపితే నెలకి 2,280 డాలర్ల నష్టం. ఎవరికీ కొత్తగా జబ్బు రాలేదు, ఏ ఆస్పత్రీ రేటు పెంచలేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వెళ్లిపోయారు అంతే.

సరిగ్గా ఇదే జరిగింది. కోవిడ్ టైంలో, 2020లో, రాష్ట్రాలకి ఫెడరల్ వాటా 6.2 శాతం పాయింట్లు పెంచారు, బదులుగా ఎవర్నీ లిస్టులోంచి తీసేయకూడదన్నారు. దాంతో జనం పెరిగి పెరిగి 2023 వసంతానికి, పిల్లల కోసం ఉన్న చిప్‌తో కలిపి, 9.4 కోట్లకి చేరారు. 2023 ఏప్రిల్ నుంచి మళ్లీ అర్హత పరీక్షలు మొదలై రెండు కోట్ల యాభై లక్షల పైగా తొలగించబడ్డారు, వీళ్లలో చాలామంది అర్హత లేక కాదు, కాగితాలు సమయానికి పంపలేక పోయారు. ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్లింది, ఫోన్ ఎవరూ ఎత్తలేదు, కవరేజి పోయింది. డాక్టర్ దగ్గరికి తరచూ వెళ్లేవాళ్లు కాగితాల విషయంలో జాగ్రత్తగా ఉంటారు, ఎప్పుడో గానీ వెళ్లనివాళ్లు పట్టించుకోరు, కాబట్టి మిగిలిన గుంపులో సగటు జబ్బు పెరిగింది. 2025 రెండో త్రైమాసికంలో సెంటీన్ మెడికేడ్ రేషియో 94.9 శాతానికి వెళ్లింది. మొలీనా 2025కి షేరుకి కనీసం 24.50 డాలర్ల లాభం అని మొదట చెప్పి, మెడికేడ్‌తో పాటు మిగతా వ్యాపారాల్లోనూ ఖర్చులు పెరగడంతో, అక్టోబర్ కల్లా 14 డాలర్ల దగ్గరికి దించుకుంది.

మరి రాష్ట్రం రేటు పెంచదా? పెంచాలి, రేట్లు యాక్చువరీ (బీమా రిస్క్ లెక్కలు వేసే నిపుణుల) లెక్కలకి సరిపడా ఉండాలని ఫెడరల్ నియమం. కానీ ఆ రేట్లు పాత డేటా మీద తయారవుతాయి, ఏడాదికోసారి మారతాయి, మధ్యలో వచ్చిన తేడా కంపెనీ నెత్తినే. పైగా లాభం ఎక్కువొస్తే వెనక్కి తీసుకునే నిబంధనలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

రెండో దారి: ఆస్పత్రి పన్నుల చక్రం

జనానికి తక్కువ తెలిసింది, ఆస్పత్రి షేర్లకి ఎక్కువ ముఖ్యమైనది ఇదే. అలాస్కా తప్ప మిగతా 49 రాష్ట్రాలూ ఆస్పత్రుల మీదో, నర్సింగ్ హోముల మీదో ప్రొవైడర్ టాక్స్ వేస్తాయి. వేసి, ఆ డబ్బునే మెడికేడ్‌లో తమ వాటాగా చూపించి ఫెడరల్ డబ్బు తెచ్చుకొని, మొత్తం కలిపి మళ్లీ ఆస్పత్రులకే ఎక్కువ రేట్ల రూపంలో ఇస్తాయి.

అంకెల్లో చూస్తే, ఒక రాష్ట్రానికి ఫెడరల్ వాటా 60 శాతం, అక్కడి ఆస్పత్రుల ఆదాయం మొత్తం 100 కోట్ల డాలర్లు అనుకోండి. ఫెడరల్ నియమం ఒప్పుకునే గరిష్ఠ హద్దు 6 శాతం, ఆ లెక్కన పన్ను 6 కోట్లు. అది రాష్ట్రం వాటా 40 శాతానికి సరిపోవాలి కాబట్టి ఫెడరల్ నుంచి 9 కోట్లు వస్తాయి, మొత్తం 15 కోట్లు ఆస్పత్రులకి వెళ్తాయి. ఆస్పత్రులు కట్టింది 6, వచ్చింది 15, మిగులు 9. రాష్ట్ర ఖజానాలోంచి ఒక్క డాలరు కదల్లేదు.

కొత్త చట్టం ఈ 6 శాతం హద్దుని, ఎక్స్‌పాన్షన్ తీసుకున్న రాష్ట్రాల్లో, ఏడాదికి అర శాతం చొప్పున తగ్గించి 2032 ఆర్థిక సంవత్సరానికి 3.5కి తెస్తుంది. పై లెక్కే మళ్లీ వేస్తే పన్ను 3.5 కోట్లు, ఫెడరల్ 5.25 కోట్లు, ఆస్పత్రుల మిగులు 9 నుంచి 5.25కి పడిపోయింది. మిగతా 10 రాష్ట్రాలకి ఈ తగ్గింపు లేదు, ఇప్పుడున్న పన్ను పెంచకూడదు, కొత్తది వేయకూడదు, అంతే. నర్సింగ్ హోములకి తగ్గింపు నుంచి మినహాయింపు ఇచ్చారు.

దీనికి జంటగా స్టేట్ డైరెక్టెడ్ పేమెంట్స్ అని ఉన్నాయి, అంటే ఫలానా ఆస్పత్రులకి ఇంత ఎక్కువ ఇవ్వాలని రాష్ట్రం మేనేజ్డ్ కేర్ కంపెనీలకి చెప్పడం. ఇవి కొన్ని చోట్ల ప్రైవేట్ ఇన్సూరెన్స్ సగటు రేటు దాకా వెళ్లాయి. ఇకమీదట ఎక్స్‌పాన్షన్ రాష్ట్రాల్లో మెడికేర్ రేటుకి 100 శాతం, మిగతా చోట్ల 110 శాతం దాటకూడదు, పాతవి ఎక్కువగా ఉంటే 2028 జనవరి నుంచి ఏటా 10 శాతం పాయింట్లు తగ్గించుకుంటూ రావాలి. ఆస్పత్రులు నడిపే యూనివర్సల్ హెల్త్ సర్వీసెస్ లాంటి కంపెనీలు ఈ సప్లిమెంటల్ పేమెంట్స్, అంటే మామూలు రేటు మీద అదనంగా ఇచ్చేవి, ఏ రాష్ట్రం నుంచి ఎంత వస్తున్నాయో తమ వార్షిక రిపోర్టుల్లో రాష్ట్రాలవారీగా పట్టిక వేసి చూపిస్తాయి. ట్రిలియన్ డాలర్ల హెడ్‌లైన్ కంటే ఆ ఒక్క పట్టికలో ఎక్కువ విషయం ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బుకి ఎదురుగా అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, చాలావరకు నేరుగా లాభంలోకి పోతుంది, తగ్గినప్పుడూ అంతే, నేరుగా లాభంలోంచే తగ్గుతుంది.

పని నిబంధన, ఆరు నెలల పరీక్ష

2027 జనవరి 1 నుంచి ఎక్స్‌పాన్షన్‌లో ఉన్న 19 నుంచి 64 ఏళ్ల వాళ్లు నెలకి 80 గంటలు ఉద్యోగమో, చదువో, సేవో చేస్తున్నట్టు చూపించాలి, చిన్నపిల్లల తల్లిదండ్రులు, తీవ్రమైన జబ్బులున్నవాళ్లు లాంటి మినహాయింపులు ఉన్నాయి. అర్హత పరీక్ష ఏడాదికోసారి కాకుండా ఆరు నెలలకోసారి.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడటానికి ఆర్కాన్సా ఉంది. 2018లో అక్కడ పెట్టారు, కొన్ని నెలల్లోనే సుమారు 18,000 మందికి కవరేజి పోయింది, 2019 మార్చిలో ఫెడరల్ కోర్టు ఆపేసింది. పని చేస్తున్నవాళ్లు కూడా రిపోర్ట్ చేయడం తెలీక, ఆన్‌లైన్ పోర్టల్ వాడలేక పోగొట్టుకున్నారు. ఇక కొత్త చట్టంలో ఆరోగ్యానికి సంబంధించిన మార్పులన్నీ కలిపి 2034 నాటికి ఇన్సూరెన్స్ లేనివాళ్లు సుమారు కోటి మంది పెరుగుతారని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ అంచనా వేసింది.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఇది పైన చూసిన 100 మంది లెక్క మళ్లీ రావడం. ఆస్పత్రికి వేరే సమస్య: 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని డబ్బు లేదని పంపేయకూడదు, కాబట్టి నిన్నటిదాకా తక్కువైనా ఏదో ఒక రేటు వచ్చిన రోగి రేపు వసూలు కాని బిల్లు అవుతాడు. హెచ్‌సీఏ అనే పెద్ద ఆస్పత్రుల కంపెనీకి అతిపెద్ద రాష్ట్రాలు టెక్సాస్, ఫ్లోరిడా, అక్కడ ఎక్స్‌పాన్షనే లేదు కాబట్టి పని నిబంధన దెబ్బ తక్కువ. అయితే ఆ రాష్ట్రాల్లోనే మార్కెట్‌ప్లేస్ ప్లాన్ల మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కువ, వాళ్లకిచ్చే పెంచిన సబ్సిడీ 2025 చివర్న ముగిసిపోయింది. ఒక దెబ్బ తప్పించుకున్న కంపెనీకి ఇంకో దెబ్బ తగలొచ్చు.

రాష్ట్రం ఏం తగ్గిస్తుందన్నదే అసలు చిక్కు

ఫెడరల్ డబ్బు తగ్గితే రాష్ట్రం అప్పు చేసి నెట్టుకురాలేదు, దాదాపు అన్ని రాష్ట్రాలకీ బడ్జెట్ సరిసమానంగా ఉండాలన్న నియమం ఉంది. కాబట్టి పన్నులు పెంచాలి, లేదా స్కూళ్ల డబ్బు ఇటు తిప్పాలి, లేదా మెడికేడ్‌లోనే కోయాలి. మెడికేడ్‌లో ఏది కోయడం సులభం? నర్సింగ్ హోము సేవ చట్టం ప్రకారం తప్పనిసరి. ఇంటికొచ్చి ముసలివాళ్లకి స్నానం చేయించి అన్నం పెట్టే హోమ్ కేర్ మాత్రం ఎక్కువభాగం రాష్ట్రం ఇష్టం. ఇంట్లో ఉంటే తక్కువ ఖర్చు, మనిషికీ అదే ఇష్టం, అయినా కోత మొదట పడే ప్రమాదం దానికే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే ఆడస్ లాంటి హోమ్ కేర్ కంపెనీల షేర్లు రాష్ట్ర బడ్జెట్ వార్తలకి కదులుతాయి. ఒమెగా, సాబ్రా లాంటి నర్సింగ్ హోము భవనాల ట్రస్టులకి కొంత ఊరట దొరికింది, పన్ను తగ్గింపు నుంచి మినహాయింపుతో పాటు కనీసం ఇంతమంది సిబ్బంది ఉండాలన్న నియమాన్ని కూడా చట్టం 2034 దాకా ఆపేసింది.

రాష్ట్రాలు ఫెడరల్ తేదీల దాకా ఆగట్లేదు కూడా. 2025లోనే ఐడహో ప్రొవైడర్ల రేట్లు 4 శాతం తగ్గించింది, నార్త్ కరోలినా అక్టోబర్‌లో 3 నుంచి 10 శాతం దాకా తగ్గించి డిసెంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఇవి రాష్ట్ర బడ్జెట్ ఇబ్బందుల వల్ల వచ్చినవి, ఫెడరల్ చట్టంలోని పెద్ద కోతలు అప్పటికి మొదలే కాలేదు.

పల్లె ఆస్పత్రుల కోసం చట్టంలో ఐదేళ్లకి 50 బిలియన్ డాలర్ల నిధి పెట్టారు, 50 రాష్ట్రాలకీ వాటాలు ప్రకటించారు. కానీ కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ అంచనా ప్రకారం పల్లె ప్రాంతాల్లో పదేళ్లలో తగ్గే మెడికేడ్ ఖర్చు 137 బిలియన్లు. నిధి 2030తో ఆగిపోతుంది, కోతలు ఆగవు.

రెండు వైపుల వాదనలూ

చట్టాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది కొట్టిపారేయాల్సింది కాదు. పైన చూసిన పన్ను చక్రం రాష్ట్రాలు ఫెడరల్ డబ్బు లాక్కోవడానికి వాడుకునే కిటుకు అంటారు, ప్రొవైడర్ టాక్స్‌ని 3.5 శాతానికి తగ్గించాలన్న ప్రతిపాదన ఒబామా బడ్జెట్‌లో కూడా వచ్చింది కాబట్టి ఇది ఒక్క పార్టీ ఆలోచన కాదు. పేద పిల్లలకీ వికలాంగులకీ 50, 60 శాతం వాటా ఇస్తూ, పని చేయగల పెద్దవాళ్లకి 90 ఇవ్వడం ఏం న్యాయం అన్నది వాళ్ల ఇంకో ప్రశ్న. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: మెడికేడ్ మామూలుగా ఇచ్చే రేట్లు చాలా తక్కువ, ఆ పన్ను చక్రం వల్లే చాలా ఆస్పత్రులు పేద రోగులని తీసుకోగలుగుతున్నాయి, కాగితాల నిబంధనతో పోయేది మోసగాళ్లు కాదు, అర్హులే.

మార్కెట్‌లో కూడా రెండు శిబిరాలు. ఆశగా ఉన్నవాళ్లు చెప్పే పాత కథ డిష్ పేమెంట్స్‌ది. పేదలు ఎక్కువగా వచ్చే ఆస్పత్రులకి ఇచ్చే ఆ డబ్బుని 2014 నుంచి తగ్గించాలని ఒబామాకేర్ చట్టంలోనే రాశారు, కాంగ్రెస్ దాన్ని పన్నెండుసార్లకి పైగా వాయిదా వేసింది. కాబట్టి 2028 కోతలు కూడా వాయిదా పడతాయని వాళ్ల నమ్మకం, మధ్యలో 2026 నవంబర్ ఎన్నికలూ, 2028 అధ్యక్ష ఎన్నికా ఉన్నాయి. ఇందులో సగం నిజం ఉందని నాకనిపిస్తుంది. కానీ డిష్ కోతలు ఏడాదికి కొన్ని బిలియన్ల వ్యవహారం. ఈ చట్టంలో మెడికేడ్ నుంచి మిగిలే సుమారు 900 బిలియన్లు పన్ను తగ్గింపుల ఖర్చుని కొంత పూడ్చడానికి వాడుకున్నారు, వాయిదా వేయాలంటే అంత డబ్బు ఇంకెక్కడి నుంచో తేవాలి, అది అంత తేలిక కాదు. నిరాశగా ఉన్నవాళ్లు మాత్రం పన్ను హద్దు 2027 అక్టోబర్‌లోనే, అంటే 2028 ఫెడరల్ సంవత్సరం మొదలవగానే, తగ్గడం మొదలవుతుందనీ, దానికి తొమ్మిది నెలల ముందే పని నిబంధనతో జనం తగ్గుతారనీ గుర్తుచేస్తారు.

తెలుగువాళ్లకి తగిలే చోటు

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు మామూలుగా మెడికేడ్‌లోకి రారు, గ్రీన్‌కార్డ్ వచ్చాక కూడా పెద్దవాళ్లకి ఎక్కువ సందర్భాల్లో ఐదేళ్లు ఆగాలి, తల్లిదండ్రులని గ్రీన్‌కార్డ్ మీద తెచ్చుకున్న కుటుంబాలకి ఈ ఐదేళ్లు బాగా తెలుసు. 2026 అక్టోబర్ 1 నుంచి శరణార్థుల లాంటి కొన్ని వర్గాలకి అర్హత తీసేస్తున్నారు గానీ గ్రీన్‌కార్డ్ వాళ్ల నియమం పాతదే.

మనవాళ్లకి ఎక్కువగా తగిలేది ఉద్యోగాల వైపు నుంచి. యునైటెడ్‌హెల్త్‌కి చెందిన ఆప్టమ్ హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున ఉంది, అమెరికాలో రాష్ట్రాల మెడికేడ్ సిస్టమ్స్ మీద కాంట్రాక్టు పనిచేసే తెలుగు ఐటీ వాళ్లూ చాలామందే. కోత చట్టం ఆ పనిని తగ్గించట్లేదు, పెంచుతోంది. 80 గంటల రుజువు ఎక్కడ ఎక్కించాలి, జీతం డేటాతో ఎలా సరిపోల్చాలి, మినహాయింపు ఎవరికి, ఆరు నెలల నోటీసు ఎప్పుడు పంపాలి, ఇదంతా ప్రతి రాష్ట్రం కొత్తగా కట్టుకోవాలి. మెడికేడ్ అర్హత సిస్టమ్స్ కట్టడానికి ఫెడరల్ వాటా 90 శాతం, నడపడానికి 75 శాతం. జార్జియా 2023 జూలై నుంచి పాత్‌వేస్ అనే పేరుతో పని నిబంధన నడుపుతోంది, అక్కడ 2025 వసంతం దాకా లెక్క చూస్తే పాలనా ఖర్చు వైద్యం మీద పెట్టినదానికి దాదాపు రెట్టింపు ఉందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ తేల్చింది, ఆ పాలనా ఖర్చులో ఎక్కువ భాగం ఫెడరల్ డబ్బే.